రఫూకు పోయిన మెయిళ్ళు

పాత కంప్యూటర్ల మండలి నడపడమంటే పాత కంప్యూటర్లతో పని అనుకుంటారు అందరూ. నేనూ అలాగే అనుకుని తలకెత్తుకున్నాను. తీరా చూస్తే పొద్దున లేవగానే చెత్త మెయిళ్ళు ఏరడమే నా పని అయింది. ఏదో దేశంలో ఎవరో పెద్దమనిషి చనిపోతూ నా పేర ఆస్తి రాశాడని ఒకటి, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామని ఒకటి, ఖరీదైన గడియారాలు చవకగా ఇస్తామని ఇంకొకటి. వాటి మధ్య మావాళ్ళు రాసిన మెయిలు ఎక్కడో నలిగి ఉండేది. బియ్యంలో రాళ్ళు ఏరడం మా అమ్మ నేర్పింది. రాళ్ళలో బియ్యం ఏరడం మాత్రం ఈ మండలి వల్లే నేర్చుకున్నాను.

అవి రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు. ముంబై పక్కన మరమగ్గాల ఊరు భివండీలో, ధామన్‌కర్ నాకా కూడలి దగ్గర ఒక కంప్యూటర్ క్లాసులో పాఠాలు చెప్పేదాన్ని. కొత్త యంత్రాలు వచ్చినప్పుడల్లా పాతవాటిని భంగార్ వాడు, అదే పాత ఇనప సామాను కొనేవాడు, తూకానికి ఎత్తుకుపోతుంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు. పని చేస్తున్నదాన్ని పడేయడమేమిటని క్లాసు నడిపే సార్‌తో గొడవ పెట్టుకునేదాన్ని. గొడవ భరించలేక ఆయన ఒక్కోటి నాకే ఇచ్చేశాడు. అవన్నీ మా చర్చి వెనక గదికి చేరాయి. పాస్టరుగారు గది ఇచ్చారు గానీ కరెంటుకు హామీ ఇవ్వలేకపోయారు. ఊళ్ళో శుక్రవారం మగ్గాలు బంద్. ఆ ఒక్క రోజే వోల్టేజీ కుదురుగా ఉండేది. అందుకని చర్చివాళ్ళమై ఉండీ మా మండలి శుక్రవారం మధ్యాహ్నమే కూడేది.

వచ్చేవాళ్ళలో రెండు రకాలు. మోజుతో వచ్చేవాళ్ళు ఒక రకం. మరాఠీ బడిలో చెప్పి రిటైరైన మాస్టరుగారు అలాంటివారు. టీవీకి తగిలించి, టేపురికార్డరు నుంచి ప్రోగ్రాం ఎక్కించే కంప్యూటరు ఆయనది. అది ఎక్కడానికి పట్టే సేపట్లో మనిషి అన్నం వండుకుని తినేయొచ్చు. ఆయన మాత్రం చేతులు కట్టుకుని, కీచుమనే ఆ చప్పుడును కచేరీ విన్నట్టు వినేవారు. రెండో రకం, పాత కంప్యూటరు లేకపోతే పొయ్యి వెలగనివాళ్ళు. గైబీ నగర్ అక్క ఆ రకం.

అక్కది సిరిసిల్ల వైపు. చేతిలో సూది పట్టుకునే ఈ ఊళ్ళో పెద్దదైన మనిషి. తర్వాత మొగుడూ పెళ్ళాలిద్దరూ కూడబెట్టి ఒక చిన్న గాలా, అంటే షెడ్డులో ఒక గది, తీసుకుని కార్డు పంచింగ్ పెట్టుకున్నారు. చీర కొంగు మీద పువ్వు రావాలంటే మగ్గం మీద అట్టకార్డుల దండ తిరగాలి. ఆ కార్డులకు ఎక్కడ చిల్లు పడాలో చెప్పేది కంప్యూటరు, చిల్లు పొడిచేది యంత్రం. అక్క యంత్రానికి పాత కంప్యూటరు మాటే తెలుసు. కొత్తదాన్ని తగిలిస్తే ఉలకదు, పలకదు. ఆ పాత కంప్యూటరులో అరచేయంత బోర్డు ఒకటుంది, యంత్రానికీ దానికీ మధ్య దుబాసీ అన్నమాట. మొగుడు పోయాక కూడా అక్క ఆ దుబాసీని నమ్ముకునే ఇల్లు నడుపుకొచ్చింది.

ఒక ఎండాకాలం కరెంటు పోయి ఒక్కసారిగా విరుచుకుపడి వచ్చినప్పుడు ఆ బోర్డు కాలిపోయింది.

అక్క దాన్ని పాత చీర ముక్కలో చుట్టి శుక్రవారం పట్టుకొచ్చింది. మేం వాసన చూసి, అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచాం. బజారులో దొరికేది కాదు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దేశంలో ఎవరింట్లోనైనా అటక మీద అలాంటిది పడి ఉంటే తప్ప దారి లేదు. నిజానికి మండలి ఉన్నది అందుకే. మాలాంటి గుంపులు ఇంకా కొన్ని ఊళ్ళలో ఉండేవి. అందరికీ మెయిలు రాశాను, అరువు తెచ్చిన కెమెరాతో తీసిన బోర్డు ఫొటో కూడా జోడించి.

"దొరుకుతదా చెల్లె?" అని అడిగింది అక్క.

దొరుకుతుందనే అన్నాను.

"దొరక్కుంటే పూర్ణల గోదాములకు పోవుడే. డబ్బాలకు పట్టీలు అంటియ్యాల్నట, నిలబడి. కూసునే పని కాదట." గోడకు ఆనుకుని కూర్చుని మోకాళ్ళు పట్టుకుంటూ చెప్పింది. పూర్ణ అంటే ఊరి బయట గోదాములుండే చోటు. ఆ మోకాళ్ళకు నిలబడే పని ఎలాంటిదో నాకు తెలుసు. దసరా చీరల డిజైన్లు మొదలయ్యేలోగా బోర్డు దొరక్కపోతే ఉన్న గిరాకీలన్నీ ఇంకొకరి దగ్గరికి పోతాయి. ఆమె భయమంతా అదే.

సరిగ్గా అప్పుడే చెత్త మెయిళ్ళు వరదలా పడ్డాయి. మండలికి వచ్చేదంతా మొదట ఒకే పెట్టెలో పడేది, ఇంట్లోంచి తెరిచినా చర్చి గదిలోంచి తెరిచినా అదే పెట్టె. మంచివి చూసి నేను అందరికీ పంపాలి. క్లాసు, ఇంటి పని, కరెంటు కోతలు, వీటి మధ్య నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరో చెబితే ఒక జల్లెడ లాంటి ప్రోగ్రాం ఎక్కించాను. అది నేర్చుకునే జల్లెడ. ఇది చెత్త అని మనం గుర్తు పెడుతూ పోతే, అందులోని మాటలు పట్టుకుని, తర్వాత వచ్చేవాటిని అదే పక్కకు నెట్టేస్తుంది. నేర్చుకునేదాకా మాత్రం ఎవరో ఒకరు కూర్చుని నేర్పాలి. నాకా తీరిక లేదు. ఇంట్లో తీరిక తప్ప మరేమీ లేని మనిషి ఒక్కడే ఉన్నాడు, మా నాన్న, మా బాపు.

బాపు ఒక సేటు దగ్గర తాకాలు చెక్ చేసి రిటైరయ్యాడు. తాకా అంటే మగ్గం మీంచి దిగిన బట్ట, చాపలా మడిచి వచ్చేది. దాన్ని ఏటవాలు బల్ల మీద లాగుతూ, కింది నుంచి లైటు వేసి చూస్తాడు. ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ నూనె మరక పడింది, ఎక్కడ ఒక వరస తప్పింది, అన్నీ కనిపెట్టి సుద్దతో గీత పెడతాడు, అంచుకు ఎర్ర దారం ముడి వేస్తాడు. ముడిపడ్డ తాకా పక్క గదిలో రఫూ చేసే ఆడవాళ్ళ దగ్గరికి పోతుంది. వాళ్ళు సూదితో పోగులు కలిపి, మరక తీసి, తప్పు కనపడకుండా చేసి పంపేవాళ్ళు. గుర్తు పెట్టని తప్పును వ్యాపారి పట్టుకుంటే తాకా మొత్తం తిప్పికొడతాడు, నేసినవాడి కూలి కోస్తారు. అందుకని బాపు కంట్లో పడ్డ తప్పును వదిలేవాడు కాదు. మగ్గాలవాళ్ళు ఆయన మీద సణుక్కునేవాళ్ళు కాదు, ఎదురుపడితే దండం పెట్టేవాళ్ళు. ఆ పక్క గదిలో సూది పట్టుకుని కూర్చున్న పిల్లల్లో ఈ గైబీ నగర్ అక్క ఒకతె.

ఇంగ్లీషు అక్షరాలు బాపుకు మిషన్ బడిలో బెత్తం దెబ్బలతో వచ్చాయి. మా మండలివాళ్ళు రాసేది సగం ఇంగ్లీషు, సగం ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ. కూడబలుక్కుని చదవగలడు. ఆయన్ని కూర్చోబెట్టి చూపించాను. ఒక్కోటి తెరిచి చూడు, బాగున్నదాన్ని వదిలేయి, బాగాలేనిదానికి ఈ ఎర్ర గుర్తు నొక్కు, అది ఇక్కణ్ణించి వెళ్ళిపోతుంది అని చెప్పాను.

బాపు కళ్ళజోడు తుడుచుకుని తెర దగ్గరికి ముఖం పెట్టాడు. "గంతేనా? గిది నా పనే గద బిడ్డా."

ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి చాలా రోజులైంది. ఇద్దరికీ మేలు జరిగిందనుకుని హాయిగా క్లాసుకు పోయాను. అప్పటినుంచి నేను సాయంత్రం వచ్చేసరికి ఆ రోజు మెయిళ్ళన్నీ చూసేసి, నడుం పట్టుకుని, నిజమైన డ్యూటీ చేసినవాడిలా చాయ్ అడిగేవాడు. రిటైరైన దగ్గరనుంచి చాయ్ ఇస్తే తాగేవాడే తప్ప అడిగిన మనిషి కాదు.

జల్లెడ మాత్రం వింతగా నేర్చుకోసాగింది. గడియారాలూ లాటరీలూ ఆస్తిపాస్తులూ తగ్గకపోగా పెరిగాయి. మావాళ్ళ మెయిళ్ళే పలచబడ్డాయి. ఎండలు కదా, కరెంటు లేదు కదా, రాయడం మానేసి ఉంటారనుకున్నాను. ప్రోగ్రాం తయారుచేసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ప్రతి శుక్రవారం అక్క వచ్చి గడపలోంచే నా ముఖం చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. వచ్చి కూర్చుని, మాస్టరుగారి టేపు కీచుమంటుంటే వింటూ, మోకాళ్ళు రుద్దుకుని పోయేది. ఆమెకు ఇంకా పని ఇస్తున్న ఇద్దరు ముగ్గురు కూడా కల్యాణ్‌లో కొత్త యంత్రం పెట్టినవాడి దగ్గరికి వెళ్ళిపోయారని తెలిసింది. ఆమె చెప్పలేదు, గైబీ నగర్ పిల్ల ఒకతె క్లాసులో చెప్పింది.

ఒక శుక్రవారం అక్క రాలేదు. ఆ రోజే మాస్టరుగారు అలిగి కూర్చున్నారు. తన మెయిళ్ళు నేను కావాలనే ఎవరికీ పంపడం లేదని ఆయన అనుమానం. పంపే బొత్తాం నొక్కి ఉండరని నా మాట. పంతానికి పోయి ఆయన పక్క సందులోని సైబర్ కేఫ్‌కు వెళ్ళి ఒక మెయిలు పంపి, చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. నేను మెయిళ్ళు దింపాను. లాటరీ వచ్చింది, గడియారం వచ్చింది, మాస్టరుగారి మెయిలు రాలేదు. అప్పటిదాకా ఆ చెత్త పెట్టె నేను తెరిచి చూసినదాన్ని కాదు. చూడాల్సిన అవసరం లేకపోవడమే కదా జల్లెడ సుఖం.

తెరిచాను. అందులో చెత్త లేదు. మేమంతా ఉన్నాం. మాస్టరుగారి టేపుల కథలు, టీవీ రిపేరు అతని ప్రశ్నలు, పుణె గుంపువాళ్ళ ఆహ్వానాలు. కిందికి పోతుంటే కొల్హాపూర్ వైపునుంచి ఒక పెద్దాయన రాసిన మెయిళ్ళు కనిపించాయి. మొదటిదానిలో, ఫొటో చూశాను, అచ్చం అలాంటి బోర్డే నా దగ్గరుంది, ఊరికే ఇస్తాను, ఎవరైనా వచ్చి తీసుకుపొండి అని ఉంది. ఫోను నంబరు కూడా రాశాడు. ఆ తర్వాతదానిలో, దుకాణం ఖాళీ చేస్తున్నాను, వస్తున్నారా లేదా అని. చివరిదానిలో ఒకే వాక్యం, ఎవరూ పలకలేదు కాబట్టి సామాను తీసేస్తున్నానని. మొదటిదాని మీదే బాపు గుర్తు ఉంది. మిగిలినవాటిని జల్లెడ తనకు తానే మింగింది. బోర్డు, ఫ్లాపీ, పంచింగ్, ఖరాబ్, ఇలాంటి మాటలున్నదల్లా చెత్త అని అది అప్పటికే బాగా నేర్చుకుంది.

వీధి చివర ఎస్టీడీ బూతుకు పరిగెత్తాను. పెద్దాయన మర్యాదగా హిందీలో మాట్లాడాడు. భంగార్ వాడు పోయిన వారమే వచ్చి అంతా తీసుకెళ్ళాడట, ఇప్పటికి కరిగించేసి ఉంటాడట. మీ తరఫున ఒక్కరైనా జవాబిస్తారని ఎదురుచూశాను అన్నాడు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది.

ఒళ్ళు మండిపోతూ ఇంటికొచ్చాను. బాపు తెర ముందు వంగి, పెదవులు కదుపుతూ ఏదో చదువుతున్నాడు. కొల్హాపూర్ మెయిలు తెరిచి ఆయన ముందు పెట్టి, దీనికి గుర్తు ఎందుకు పెట్టావని గట్టిగానే అడిగాను.

ఆయన కంగారుపడలేదు. వేలితో ఒక్కో అక్షరం మీద నడిచాడు. "గిదో, గిక్కడ స్పెల్లింగ్ తప్పు. గిక్కడ ఒక మాట రెండుసార్లు పడ్డది. కింద తారీఖు లేదు. గిట్లనే పోతే పార్టీ వాపస్ కొట్టడా? రఫూకు పెట్టిన బిడ్డా."

లాటరీ మెయిలు చూపించి, మరి దీనికి ఎందుకు పెట్టలేదని అడిగాను.

"దానికేమైంది? మంచిగ నేసిండు. ఒక్క మరక లేదు."

ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. గుర్తు నొక్కగానే మెయిలు బల్ల మీంచి కదిలిపోయేది, ముడిపడ్డ తాకా కదిలిపోయినట్టే. పక్క గదిలో ఎవరో సూది పట్టుకుని కూర్చుని ఉన్నారని ఆయన నమ్మకం. జీవితమంతా ఉన్నారు కూడా. గుర్తు పెట్టినదాన్ని బాగుచేయకుండా పారేసే పద్ధతి ఒకటుంటుందని ఆయనకు ఎవరు చెప్పారు గనక. మంచివాటి మీదే ఎక్కువ గుర్తులున్నాయి, మంచివాటినే ఆయన శ్రద్ధగా చదివాడు కాబట్టి. నాకు కోపం పోయింది. దాని చోట్లోకి వచ్చిన అలసట మాత్రం ఆ తర్వాత చాలాకాలం పోలేదు. లోడ్‌షెడింగ్ ఎక్కువైంది, కొన్నాళ్ళు మెయిలు పని ఆపుదాం బాపూ అని మాత్రం చెప్పాను. సరేనని తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు.

మరునాడు గైబీ నగర్ పోయాను. మగ్గాల మోతలో రెండుసార్లు గట్టిగా చెబితేగానీ అక్కకు నా మాట అందలేదు. దాచాలనిపించలేదు, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. శుక్రవారం రాకపోవడానికి కారణం అడిగితే పూర్ణలో గోదాము సూపర్‌వైజరును కలవడానికి పోయానంది. సోమవారం నుంచి రమ్మన్నారట. యంత్రాన్ని కూడా ఎవరో ఇనుము ధరకు అడిగారట. అన్నీ చెప్పి, కార్డు ముక్కలు ఊడవడం మొదలుపెట్టింది. నేను తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను.

"పెద్దబాపు దారం ముడేస్తేనే మాకు పని దొరికేది చెల్లె," అంది చివరికి, మా బాపు గురించి. "ఎన్ని ముళ్ళుంటే గంత కూలి. మా అమ్మ పొద్దుగాల గా ఎర్ర దారాలు సూసుకునే పొయ్యి ముట్టిచ్చేది. గాయన నాకు పనే పంపిండు. గది నాదాక రాలె, గంతే." చీపురు గోడకు ఆనించి, చాయ్ తాగుతావా అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు.

ఆ తర్వాత మండలి మెల్లగా సన్నగిల్లింది. జల్లెడ తీసేశాను. మళ్ళీ పొద్దున్నే చేత్తో ఏరడం మొదలుపెట్టాను, ఏరడానికి ఏమీ లేని రోజుల్లో కూడా. అక్కకు పూర్ణలో శుక్రవారం సెలవు లేదు కాబట్టి మళ్ళీ ఆ గదికి రాలేదు. ఒక ఆదివారం మాత్రం నేను చర్చి నుంచి వచ్చేసరికి మా ఇంటి ముందు అక్క ఆటో దిగుతోంది. యంత్రం అమ్మేసిందట, కంప్యూటరును మాత్రం భంగార్‌కు ఇవ్వబుద్ధి కాలేదట. నీ గదిలో పెట్టుకో చెల్లె అని నాకు అప్పజెప్పింది. మెట్టెక్కడానికి తలుపు పట్టుకోవాల్సి వచ్చింది. పాదాలు వాచి చెప్పుల పట్టీలు వదులు చేసుకుని ఉంది.

తలుపు దగ్గర కుర్చీలో ఉన్న బాపు ఆమెను పోల్చుకుని పక్కన కూర్చోమన్నాడు. ఆయన చూపు అప్పటికి ఇంకా మందగించింది. ఆరోగ్యాలూ పిల్లలూ అయ్యాక, ఎన్నాళ్ళుగానో మనసులో పెట్టుకున్నట్టు అడిగాడు.

"నేను గుర్తు పెట్టినయి మస్తుండె బిడ్డా, మెయిళ్ళు. గవి రఫూకు పోయినయా? ఎవరు చేస్తున్నరు ఇప్పుడు?"

నేను చాయ్ గ్లాసులతో వంటింటి గడపలో ఆగిపోయాను. అక్క నా వైపు చూడలేదు.

"నేనే చేస్తున్న పెద్దబాపూ. నువ్వు పంపినయన్నీ నాదగ్గరికే వచ్చినయి."

బాపు ముఖం విప్పారింది. కుర్చీలో వెనక్కి వాలి, నావైపు తిరిగి, ఎవరితోనో పందెం గెలిచినట్టు అన్నాడు. "గదే అనుకున్న. గందుకే ఒక్కటి వాపస్ రాలె. ఈ పిల్ల చేతిల పడ్డది ఎన్నడు వాపస్ రాలె."

అక్క చాయ్ తాగి, పాదాలు కాసేపు చేత్తో నొక్కుకుని లేచింది. పొద్దున్నే నాకా దగ్గర పూర్ణ జీపు అందుకోవాలంది.